నూట పద్దెనిమిదా, నూట ఇరవై నాలుగా

జూన్ 2, సోమవారం

పాత కారు పని అయిపోయింది. మెకానిక్ ఇంజన్ విప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ, "ఇంక దీన్ని బాగు చెయ్యమంటే నన్ను బాధపెట్టినట్టేనమ్మా" అన్నాడు. పంతొమ్మిదేళ్ళు నేనే నడిపాను. ఈ ఇంట్లో బండి నడిపేదాన్ని నేనొక్కదాన్నే. ఆయన నేర్చుకోలేదు. పక్కన కూర్చుని దారిలో ఉన్న బోర్డులన్నీ పైకి చదువుతారు. కొడుకూ కోడలూ ఆఫీసు బస్సులో పోతారు.

కరెంటు కారు కొనాలని నిర్ణయించాను.

"ఈ వయసులో కొత్త కారెందుకమ్మా, పిలిస్తే ట్యాక్సీ వస్తుంది కదా" అన్నాడు కొడుకు. పిలిస్తే వచ్చేవాటి మీద ఆధారపడే అలవాటు నాకు లేదని చెప్పాను.

కళ్ళ డాక్టరు నడపవచ్చన్నాడు. చీకటి పడ్డాక మాత్రం వద్దన్నాడు. వెలుతురు ఉండగా వెళ్ళి, వెలుతురు ఉండగానే ఇల్లు చేరాలి. మంచిదే. చీకటి పడ్డాక నాకు బయట పనేముంటుంది.

కారు కొనేముందు అవసరమేమిటో మనకు తెలియాలి. తూనికలు కొలతల శాఖలో ఉద్యోగమంతా ఇన్‌స్పెక్టరుగానే చేసినదాన్ని. కొలవకుండా ఏదీ కొనను.

జూన్ 3, మంగళవారం

రానూపోనూ దూరాలు రాసుకున్నాను. కూరగాయల మార్కెట్టు నాలుగు కిలోమీటర్లు. గ్రంథాలయం ఆరు. ఆయన పళ్ళ డాక్టరు తొమ్మిది. మనవరాలి ఈత క్లాసు పదకొండు. ఇతరములు రెండువందల నలభై ఎనిమిది.

మనవరాలు నా భుజం మీదుగా చూసి, "నానమ్మా, ఇతరములు అంటే ఏ ఊరు?" అంది. చదువుకోవలసింది ఏమీ లేదా అని అడిగాను.

జూన్ 5, గురువారం

ఆయన్ని వెంటబెట్టుకుని షోరూముకు వెళ్ళాను. టై కట్టుకున్న నడివయసు మనిషి ఎదురొచ్చాడు. అంత చల్లటి గదిలోనూ అతనికి చెమట పడుతోంది. చిన్న కారు చూపించి, ఒకసారి ఛార్జి చేస్తే మూడువందల పదిహేను కిలోమీటర్లు వెళ్తుందన్నాడు.

"నిజంగా వెళ్తుందా?"

"కంపెనీ లెక్కమ్మా."

"రోడ్డు లెక్క చెప్పండి."

అతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఎవరూ లేరు. "రెండువందల నలభై దాకా వస్తుంది."

డబ్బా మీద కిలో అని అచ్చేసి లోపల ఏడువందల అరవై గ్రాములు పోసినవాళ్ళ మీద నేను కేసులు రాసేదాన్నని చెప్పాను. అతను టై వదులు చేసుకున్నాడు. "మీరన్నది నిజమేనమ్మా. నేను బయటికి అనలేను, అంతే" అన్నాడు. ఈ మనిషి పనికొస్తాడు.

నా కాగితం చూపించాను. చదువుతుంటే అతని ముఖం వికసించింది. "వారానికోసారి ఛార్జి పెట్టుకుంటే చాలమ్మా మీకు. చిన్న కారు మీ కోసమే చేసినట్టుంది. ఇదేంటి, ఇతరములు అంటే?"

"ఇతరములు."

"అంటే, నెలకోసారి ఉంటుందా, ఏడాదికోసారా?"

"వెళ్ళి నాలుగేళ్ళయింది" అన్నారు ఆయన పక్కనుంచి.

డిక్కీ ఎంత ఉందో చూసి రమ్మని ఆయన్ని పంపించాను.

చిన్న కారు ఎనిమిది కిలోమీటర్లు తక్కువ పడుతోంది. దారిలో ఛార్జింగ్ స్టేషన్ ఉందనీ అరగంట ఆగితే చాలుననీ టై మనిషి అన్నాడు. అక్కడి మీటర్లను ఎవరు తనిఖీ చేస్తారని అడిగాను. అతనికి తెలియదు. పోనీ వెళ్ళినచోట ప్లగ్గు పెట్టుకోవచ్చు కదా అన్నాడు. ఆ ఇంటి ప్లగ్గు నాకు అక్కర్లేదన్నాను. పెద్ద కారు రోడ్డు లెక్కన మూడువందల ముప్పై వస్తుందట. పెద్దదే తీసుకుంటానన్నాను.

జూన్ 6, శుక్రవారం

పెద్ద కారు మన పోర్టికోలో పట్టదు. నలభై సెంటీమీటర్లు ఎక్కువ.

జూన్ 8, ఆదివారం

పట్టదని నోటిమాటగా ఒప్పుకోకూడదు. పొద్దున్నే మనవరాలి చేత పోర్టికోలో సుద్దముక్కతో పెద్ద కారు గీయించాను. అసలు కొలత ప్రకారం, అద్దాలతో సహా. ముక్కు భాగం వంటగది గోడకు తగిలి, మిగిలినది గోడ మీద పైకి ఎక్కింది. భోజనాల బల్ల కుర్చీలు నాలుగు తెచ్చి సీట్లున్న చోట వేయించాను. అంత దూరం ఆయన నడుము తట్టుకుంటుందో లేదో చూడాలి కదా. రెండున్నర గంటలు ఎవరూ లేవకూడదన్నాను.

నేను నడిపే సీట్లో, ఆయన పక్కన, కొడుకూ మనవరాలూ వెనక. కోడలు రానంది. తనని మరిచిపోయిన సామాను కింద లెక్కవేసుకోమంది.

అరగంటకు కొడుకు ఫోను తీశాడు. కారులో ఫోను వద్దన్నాను. గంటకు మనవరాలు నీళ్ళ కోసం లేవబోయింది. "బండి ఆగలేదు" అన్నాను. "తలుపు తీస్తే పడిపోతావే" అన్నారు ఆయన దానితో, చాలా గంభీరంగా. వీధిలో పోతున్న ఎదురింటావిడ గేటు దగ్గర ఆగి, నలుగురినీ చూసి, "ఎక్కడికండీ ప్రయాణం?" అంది.

"ఎక్కడికీ కాదు" అన్నాను.

"మరదలి ఊరికి" అన్నారు ఆయన.

ఆవిడ జాగ్రత్తగా వెళ్ళి రమ్మని చెప్పి వెళ్ళిపోయింది.

రెండు గంటల పది నిమిషాలకు ఆయన నిద్రపోయారు. నడుము ఏమీ అనలేదు. పరీక్ష నెగ్గినట్టే.

జూన్ 9, సోమవారం

చెల్లెలి ఊరు మన ఇంటికి నూట ఇరవై నాలుగు కిలోమీటర్లు. నూట పద్దెనిమిది కాదు. ఇది ఇక్కడ రాసి పెడుతున్నాను.

మా నాన్న రోడ్లు వేయించిన మనిషి. మా ఇంట్లో దూరం నుంచి ఎవరొచ్చినా ముందు 'ఎంత వచ్చింది' అనే అడిగేవాళ్ళం. అంటే మీటరు. కుశలప్రశ్నలు ఆ తరవాత. నాలుగేళ్ళ కిందట చెల్లెలు లెక్కల టీచరుగా రిటైరైనప్పుడు వాళ్ళింట్లో భోజనాల దగ్గర అలాగే అడిగింది. నూట ఇరవై నాలుగన్నాను. "నీ టైర్లు అరిగాయే అక్కా, అందుకే ఎక్కువ చూపిస్తోంది. మా బండికి ఎప్పుడూ నూట పద్దెనిమిదే" అంది. వచ్చినవాళ్ళందరి ముందూ. ఊరందరి తక్కెడలూ సరిచూసిన నాతో ఆ మాట అంది. నేనేమన్నానో ఇక్కడ రాయనవసరం లేదు. అదేమన్నదో అసలే రాయనవసరం లేదు. చెయ్యి కడుక్కుని వచ్చేశాం. ఆయన సగం భోజనంలో లేవవలసి వచ్చింది. ఆ సంగతి ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు.

అరిగిన టైరు కాస్త ఎక్కువ చూపిస్తుందన్నది నిజమే. ఆరు కిలోమీటర్లు చూపించదు.

ఆ తరవాత దానికి రెండు మోకాళ్ళూ పోయాయి. కారు అమ్మేసింది. బస్సెక్కలేదు. కనక అది రాలేదు. నేను వెళ్ళాలి. ఇదంతా వెళ్ళడం గురించి కాదు. కారు గురించి. నూట పద్దెనిమిదయితే రానూపోనూ రెండువందల ముప్పై ఆరు, చిన్న కారు సరిపోతుంది. అంటే చిన్న కారు కొన్న రోజున చెల్లెలి లెక్క ఒప్పుకున్నట్టే. ఆ మాట దాని చెవిన పడితే, మోకాళ్ళు లేకపోయినా లేచి గంతులేస్తుంది.

జూన్ 11, బుధవారం

వంటగది గోడ నలభై సెంటీమీటర్లు వెనక్కి జరిపితే కారు పడుతుంది. ఇంత చిన్న విషయం నాలుగు రోజులు తట్టలేదు.

జూన్ 12, గురువారం

మేస్త్రి వచ్చి గోడ మీద వేళ్ళతో కొట్టి చూశాడు. "దేనికమ్మా జరపడం?" అన్నాడు. కారు పట్టడానికన్నాను. "చిన్న కారు కొనుక్కోవచ్చు కదమ్మా" అన్నాడు. వీళ్ళంతా కలిసి మాట్లాడుకున్నారని నా అనుమానం.

కోడలు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, ఆరు కిలోమీటర్ల కోసం నా వంటగది జరుపుతారా?"

"ఆరు కాదు. రానూపోనూ పన్నెండు."

"మరి స్టవ్వెక్కడ పెట్టుకోను?"

"మెట్ల కింద చోటుంది."

"మెట్ల కింద నేను నిలబడితే తల తగులుతుంది. కూర్చుని వండమంటారా, పడుకుని వండమంటారా?"

కొలిచి చెప్తానన్నాను. కొలిచాను. కూర్చుని వండవచ్చు.

మేస్త్రి వెళ్ళాక కోడలు నెమ్మదిగా, "నిన్న రాత్రి చిన్నత్తయ్య ఫోన్ చేశారు" అంది. దానికీ కోడలికీ మాటలున్నాయని నాకు తెలియదు.

"ఏమంటుంది?"

"మీరు ఏ కారు కొంటున్నారని అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"కారు సంగతి తెలీదు, నా వంటగది మాత్రం పోతోందని చెప్పాను." గరిటె పక్కన పెట్టింది. "వచ్చే నెల పదో తారీఖున మోకాళ్ళ ఆపరేషనట అత్తయ్యా. రెండూ ఒకేసారట."

ఆపరేషన్లు ఈ రోజుల్లో చాలా సులువు. ఇందులో రాయవలసిందేమీ లేదు.

జూన్ 13, శుక్రవారం

మోకాళ్ళ ఆపరేషన్లు సులువేనని కళ్ళ డాక్టరు కూడా ఫోనులో చెప్పాడు. తన పని కాదు కాబట్టి అంతకన్నా చెప్పలేనన్నాడు.

జూన్ 14, శనివారం

పళ్ళ డాక్టరూ అదే మాట అన్నాడు.

జూన్ 16, సోమవారం

పోర్టికోలో సుద్ద కారు అలాగే ఉంది. చెరపవద్దన్నాను. ఆయన పేపరు కోసం వెళ్తూ, వస్తూ, తలుపు ఉన్న చోట ఆగి, లేని తలుపు తీసి, మళ్ళీ వేస్తున్నారు. వేళాకోళమని నాకు తెలుసు. కోడలు దాని మధ్యలో బట్టలారేసింది. ఇంజన్ మీద ఆరేయకమ్మా అన్నాను. కరెంటు కారుకు అక్కడ ఇంజన్ ఉండదని కొడుకు అన్నాడు. అన్నీ తెలిసినవాళ్ళు ఒక్కరూ నడపరు.

మేస్త్రి రేపు రావాలా అని అడిగించాడు. వద్దన్నాను. వచ్చే సోమవారం చూద్దామన్నాను.

జూన్ 18, బుధవారం

టై మనిషి ఫోన్ చేశాడు. శనివారం చిన్న కారు తెస్తాడట. ఎంత దూరమైనా నడిపి చూసుకోమన్నాడు. తనూ వెంట వస్తాడు.

చిన్న కారు చాలదని రుజువు చేయడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. అందుకే ఒప్పుకున్నాను. వేరే ఉద్దేశమేమీ లేదు.

జూన్ 20, శుక్రవారం

నూలు చీర ఇస్త్రీ చేయించాను. దూరప్రయాణానికి అదే సౌకర్యం.

జూన్ 22, ఆదివారం

నిన్న రాయలేదు. ఈ పుస్తకం వెంట తీసుకెళ్ళలేదు. రాత్రి ఉండాలనుకోలేదు.

ఎనిమిదింటికి బయల్దేరాం. బ్యాటరీ నిండుగా ఉంది. గేటు దగ్గర ఆపి మీటరు సున్నా చేశాను. టై మనిషి వెనక సీట్లో. ఏసీ వేయలేదు.

"వేసుకోండమ్మా, పెద్దగా తేడా రాదు" అన్నాడు.

"పెద్దగా అంటే ఎంత?"

అతను మళ్ళీ ఏసీ మాట ఎత్తలేదు. అద్దాలు దించితే గాలి తగిలి ఖర్చు పెరుగుతుంది, కనక అవీ దించలేదు. సగం దూరం వెళ్ళేసరికి టై విప్పేశాడు. ఛార్జింగ్ స్టేషన్ వచ్చినప్పుడు కిటికీకి ముఖం ఆనించి అది కనిపించినంతసేపూ చూశాడు. ఆయన మాత్రం హాయిగా బోర్డులు చదువుతూ కూర్చున్నారు.

కారు బాగుంది. చప్పుడు లేదు. మన మాటలు మనకే మరీ ఎక్కువగా వినిపిస్తాయి. ఒకచోట ఆయన, "వెళ్ళాక ఏమంటావు?" అన్నారు. దూరం చూసుకుని తిరిగి వస్తానన్నాను. "గేటు దాకా వెళ్ళి?" గేటు దాకా వెళ్ళి.

చెల్లెలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆయన వేరే వైపు చూశారు. నాలుగేళ్ళలో దాని జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఒళ్ళో చేతికర్ర. నేను అద్దం దించాను. లేవబోయి, లేవలేక, కూర్చునే అడిగింది.

"ఎంత వచ్చింది?"

మీటరు చూశాను. నూట ఇరవై ఒకటి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నూట ఇరవై ఒకటే.

"నూట పద్దెనిమిది" అన్నాను.

టై మనిషి ముందుకు వంగి, "అమ్మా, నూట ఇర..." అనబోయాడు. ఆయన వెనక్కి తిరిగి అతని చేతి మీద చెయ్యి వేశారు.

చెల్లెలు కర్రతో నేల మీద ఏదో గీసింది.

"కాదే అక్కా" అంది. "నూట ఇరవై నాలుగు. మా ఎదురింటి డ్రైవరు చేత కొలిపించాను. రెండుసార్లు." అంటూ ఎడమ చెవి పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ అబద్ధమాడితే దాని చెయ్యి ఎడమ చెవికి పోతుంది.

"నేనిప్పుడే కళ్ళారా చూశాను. నూట పద్దెనిమిది."

"నీ కళ్ళకు కనబడితేగా. నూట ఇరవై నాలుగు."

"నీ డ్రైవరు దారి తప్పి ఉంటాడు."

"నా డ్రైవరు జోలికి రాకు. నువ్వు నాలుగేళ్ళ కిందట చెప్పింది సరైన లెక్క. ఇప్పుడు ముసలితనం వచ్చి మరిచిపోయావు."

"మరిచిపోవడానికి నేనేం లెక్కల టీచర్ని కాదు. నువ్వే ఆ రోజు అందరి ముందూ నూట పద్దెనిమిదని ఊదరగొట్టావు. ఇవాళ మాట మారుస్తావేం?"

"నువ్వు మార్చలేదా?"

టై మనిషి కారు దిగాడు. చొక్కా మొత్తం తడిసిపోయింది. "పోనీ, మధ్యలో నూట ఇరవై ఒకటి అనుకుంటే..." అన్నాడు.

"మీరు ఊరుకోండి" అన్నాం ఇద్దరం.

ఆయన అప్పటికే లోపలికి వెళ్ళి, భోజనం ఏమిటని అడుగుతున్నారు. ఈసారి పూర్తిగా తినాలని నిశ్చయించుకున్నట్టున్నారు.

కారులో ఇంక నూట పదిహేడు కిలోమీటర్లకే ఛార్జి ఉందని చూపిస్తోంది. ఎవరి లెక్క ప్రకారం చూసినా చాలదు. దారిలో స్టేషన్ ఉందని టై మనిషి గుర్తు చేశాడు. "అక్కడెక్కడో ఎందుకు, మా వాషింగ్ మెషిన్ ప్లగ్గుంది" అంది చెల్లెలు, నాతో కాదు, అతనితో. నాకు అక్కర్లేదని అనవలసింది. ఆ సమయానికి కుర్చీలోంచి దాన్ని లేపుతున్నాను. రెండు చేతులూ ఖాళీ లేవు.

వైరు పెరటి కిటికీలోంచి వేయవలసి వచ్చింది. చెల్లెలు కర్రతో చూపిస్తూ ఇద్దరు మగవాళ్ళనూ పరుగెత్తించింది. వైరు పెట్టాక కారులో అంకెలు వెలిగాయి. మర్నాడు పొద్దున ఏడింటికి నిండుతుందట.

"అయితే ఉంటావన్నమాట" అంది.

"బండి ఉంటుంది."

"బండిని వదిలేసి నువ్వు నడిచి పోతావా?"

"పోయేదాన్నే. నూట పద్దెనిమిది ఎంతసేపు."

"నూట ఇరవై నాలుగు."

టై మనిషి గోడవారకు వెళ్ళి యజమానికి ఫోన్ చేశాడు. "కారు రేపొస్తుంది సార్. లేదు సార్, పాడవలేదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు సార్." కాసేపు విని, "లేదు సార్, మీరొచ్చినా లాభం లేదు" అన్నాడు. భోజనం చేసి బస్సులో వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు చెల్లెలు అతనికి ఒక తువ్వాలు ఇచ్చింది.

మధ్యాహ్నం దాని మోకాళ్ళు చూశాను. నొప్పి ఎంతని అడిగితే, పదిలో ఎంతో చెప్పమంటావా అంది. చెప్పమన్నాను. చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయడం లేదు.

పదో తారీఖు మాట నేను ఎత్తలేదు. అదీ రమ్మని అడగలేదు. నేను దాని జుట్టు దువ్వుతుంటే కిటికీలోంచి కారును చూస్తూ, "పదో తారీఖుకి దీంట్లో ఛార్జి ఎంతుంటుంది?" అంది.

"ఇది షోరూము వాళ్ళది."

"నువ్వు కొనేదాంట్లో?"

నిండుగా ఉంటుందన్నాను.

ఇవాళ పొద్దున బయల్దేరాం. తిరుగుదారిలో మీటరు చూడలేదు.

జూన్ 23, సోమవారం

మేస్త్రి వచ్చాడు. పంపేశాను. కోడలు అతనికి టీ ఇచ్చి మరీ పంపింది. పోర్టికో కడగమన్నాను.

జూన్ 24, మంగళవారం

షోరూముకు వెళ్ళాం. టై మనిషి పరుగున వచ్చాడు. ఇంత సంతోషంగా అతన్ని ఎప్పుడూ చూడలేదు. చిన్న కారులోనే పెద్ద బ్యాటరీ వేసిన రకం ఈ వారమే వచ్చిందట. పొడవు అదే, పోర్టికోలో పడుతుంది. రోడ్డు లెక్కన రెండువందల తొంభై. తనే నడిపి చూశాడట.

"మీ ఇతరములకు సరిగ్గా సరిపోతుందమ్మా. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ఎక్కడా ప్లగ్గు పెట్టే పనే లేదు."

అది వద్దన్నాను. పాత చిన్నదే ఇమ్మన్నాను.

అతను చేతిలో కాగితాలు కింద పెట్టాడు. "అమ్మా, దాంతో ఆ రోజుకారోజు తిరిగి రాలేరు. మొన్న చూశారు కదా."

"చూశాను."

"దారిలో స్టేషన్‌లో ఆగుతారా మరి?"

ఆ మీటర్లను ఎవరు తనిఖీ చేస్తారో అతను ఇప్పటికీ కనుక్కోలేదు.

పెద్ద బ్యాటరీ బరువెక్కువనీ, బరువు బండి నాకు సరిపడదనీ చెప్పాను. ఆయన పక్కనే ఉన్నారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "నేను రెండు జతల బట్టలు పెట్టుకుంటాను" అన్నారు.

వచ్చే నెల తొమ్మిదిన కారు ఇస్తారు. అదే రోజు మధ్యాహ్నం బయల్దేరాలి. మర్నాటి పొద్దుటికి గాని ఛార్జి ఎక్కదు. ఏం చేస్తాం.